ఊపిరిని కాచు చేతులు – నర్సుల నిరంతర విద్యా చరిత్ర



శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాసి పంపుమని సంపాదక వర్గము వారు మమ్మును కోరినప్పుడు, దేవాలయముల పునాదిరాళ్ళను గూర్చియో, తొలి బాప్తిస్మములను గూర్చియో, మన పితరులు ఎడ్లబండ్ల మీద తిరిగి చేసిన సేవను గూర్చియో వ్రాయుదుమని తలంచి యుందురు. ఆ సంగతులు వ్రాయుటకు మాకంటె వయస్సునందును జ్ఞానమందును పెద్దలైనవారు ఉన్నారు. మద్దూరు సంఘములో పరిచర్య చేయుచున్న మేము వేరొక చరిత్ర వ్రాయగోరుచున్నాము. అది చదువు ముగిసిన తరువాత కూడ చదువవలసిన వారి చరిత్ర. మన ఆసుపత్రులలో రోగి మంచము ప్రక్కన నిలిచి, అతని ఊపిరిని కనిపెట్టి చూచు నర్సుల యొక్కయు శ్వాస చికిత్సకుల యొక్కయు చరిత్ర. ఈ విషయము మా మనస్సుకు ఎట్లు తగిలినదో ముందుగా చెప్పవలెను.

సుమారు పదిహేను ఏండ్ల క్రిందట, వేదాంత కళాశాల నుండి వచ్చిన క్రొత్తలో, మేము మరియొక పాస్టరేటులో పని చేయుచుంటిమి. ఒకనాటి తెల్లవారుజామున ఒక కుటుంబము వారు కబురు పంపిరి. వారి కోడలికి ఒక చిన్న ఆసుపత్రిలో మగబిడ్డ పుట్టెను గాని బిడ్డ ఏడవలేదు. అక్కడి వారు బిడ్డను కాళ్ళు పట్టి తలక్రిందులుగా ఎత్తి వీపు మీద చరచిరట, ముఖము మీద చన్నీళ్ళు చల్లిరట. కొంతసేపటికి ఇక లాభము లేదనిరట. సాయంకాలము మేము ఆ బిడ్డను సమాధి చేసితిమి. పెట్టె ఎంత చిన్నదనగా దానిని మోయుటకు ఒక్క మనిషి చాలెను. మరునాడు మేము పరామర్శకు వెళ్ళగా ఆ తల్లి, "అయ్యగారూ, నా బిడ్డ ఎందుకు ఏడ్వలే?" అని అడిగెను. "దేవుని చిత్తమమ్మా" అని మేము జవాబు చెప్పితిమి. ఆ జవాబును గూర్చి ఈ వ్యాసము చివర మరల మాటలాడుదుము.

ఊపిరిని గూర్చి మన గ్రంథములో ఎన్ని సంగతులున్నవో మీకు తెలియును. మంటితో చేసిన మనుష్యుని నాసికారంధ్రములలో దేవుడు జీవవాయువును ఊదిన సంగతి మనము ఆదివారపు బడిలోనే నేర్చుకొంటిమి. షూనేమీయురాలి కుమారుని మీద ఎలీషా ప్రవక్త తన నోటిని అతని నోటిమీద ఉంచి పండుకొనిన సంగతియు తెలియును. అయితే ఊపిరిని కాచు విద్య మన తెలుగు నేలపై ఎట్లు పెరిగెనో మనలో బహు కొద్దిమందికే తెలియును. ఆ కథ మనకు దగ్గరలోనే, హైదరాబాదులో, 130 ఏండ్లకు పూర్వము ఒక ముఖ్యమైన మలుపు తిరిగెను.

హైదరాబాదులో జరిగిన పరీక్ష

1847లో ఎడిన్‌బరో నగరమందు డాక్టర్ సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. కత్తి తగులు నొప్పి తెలియకుండ రోగి నిద్రించుట లోకమంతటికి గొప్ప మేలాయెను. గాని మరుసటి ఏడు మొదలుకొని, క్లోరోఫారము పీల్చిన వారిలో కొందరు బల్ల మీదనే ఆకస్మికముగా మరణించుచు వచ్చిరి. వారి ఊపిరి ముందుగా ఆగుచున్నదా, గుండె ముందుగా ఆగుచున్నదా? ఈ ప్రశ్న మీద వైద్యులు రెండు పక్షములై నలువది ఏండ్లు వాదించిరి.

ఆ దినములలో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగాను, నిజాము వైద్య పాఠశాలకు అధిపతిగాను ఉండినవాడు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ గారి ద్రవ్య సహాయముతో 1888లో మొదటి క్లోరోఫారం కమిషను, 1889లో రెండవ కమిషను హైదరాబాదులో జరిగినవి. రెండవ దానికి లండనులోని లాన్సెట్ వైద్య పత్రిక తరఫున డాక్టర్ లాడర్ బ్రంటన్ సముద్రము దాటి వచ్చెను. కుక్కలు, కోతులు, మేకలు మొదలగు నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు చేసిరి. ఊపిరియే ముందుగా ఆగును, గుండె ఆ తరువాతనే ఆగును, గనుక మత్తు ఇచ్చువాడు తన దృష్టి యావత్తు రోగి శ్వాస మీదనే ఉంచవలెనని కమిషను తీర్మానించెను. నాడి మీద వేలు కాదు, రొమ్ము మీద కన్ను ఉంచవలెననునది లారీ తన విద్యార్థులకు చేసిన బోధ సారాంశము.

ఆ విద్యార్థులలో రూపాబాయి ఫర్దూంజీ అను పార్సీ యువతి ఉండెను. 1885లో స్త్రీలకు ఆ పాఠశాల తలుపులు తెరచినప్పుడు చేరిన కొద్దిమందిలో ఆమె ఒకతె. 1889లో పట్టా పొంది, ఆ కమిషను పనిలో పాల్గొని, హైదరాబాదు ఆసుపత్రులలో ఏండ్ల తరబడి రోగులకు క్లోరోఫారము ఇచ్చుచు వచ్చిరి. లోకములో మత్తు వైద్యమును వృత్తిగా చేపట్టిన మొదటి స్త్రీ ఈమెయేనని చరిత్రకారులు చెప్పుచున్నారు. గాని మా హృదయమును ఆకర్షించినది ఆ మొదటి స్థానము కాదు. పట్టా పొందిన ఇరువది ఏండ్లకు, 1909లో, చేతినిండ పనియు మంచి పేరును ఉండగా, ఈమె మరల విద్యార్థినియై ఎడిన్‌బరో నగరమునకు ఓడ ఎక్కిరి. మత్తు వాయువుల స్వభావము తెలియవలెనంటే భౌతిక, రసాయన శాస్త్రములు ఇంకను చదువవలెనని ఎంచి, అక్కడ ఆ శాస్త్రములు చదివిరి. ఇప్పుడు మనము నిరంతర విద్య అనుచున్నది ఇదియే.

ఆ విద్య ఎందుకు అవసరమో 1911లో మరియొకసారి తేటపడెను. ఆ సంవత్సరము ఇంగ్లాండులో గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు పిల్లుల మీద పరీక్షించి, క్లోరోఫారము కొద్దిగా మాత్రమే ఇచ్చినప్పుడు సహితము గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని చూపెను. అనగా హైదరాబాదు కమిషను చెప్పినదానిలో సగము నిజము, సగము పొరపాటు. శ్వాసను విడువక చూడవలెననునది నేటికిని నిలిచిన మంచి బోధ. గుండెకు భయము లేదనునది తప్పుడు బోధ. 1889లో శ్రద్ధగా పాఠము నేర్చుకొని, ఆ తరువాత పుస్తకము మూసివేసిన వైద్యుడు ఎంత భక్తిపరుడైనను, ఎంత దయగలవాడైనను, జీవితాంతము ఆ పొరపాటును మోయుచునే యుండును. దాని ఫలము అతడు గాక రోగి అనుభవించును.

మిషను ఆసుపత్రులు నేర్పిన విద్య

ఇంచుమించు ఆ కాలముననే కోస్తా తెలుగు జిల్లాలలో మరియొక పని మొదలాయెను. 1883లో అమెరికా లూథరన్ మిషను పక్షమున గుంటూరునకు వచ్చిన డాక్టర్ అన్నా శారా కుగ్లర్, 1898లో అక్కడ స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరచెను. ఆమెకు తోడుగా వచ్చిన కేథరిన్ ఫాస్ అను నర్సు మన తెలుగు బిడ్డలకు రోగి పరిచర్య నేర్పెను. ఆ రోజులలో పరాయివాని పుండు కడుగుట, పరాయివాని మలమూత్రములు తీయుట తక్కువ పనియని లోకము ఎంచుచుండగా, మన సంఘములలోని విధవలు, అనాథ బాలికలు, ఉపదేశకుల కుమార్తెలు ఆ పనికి ముందుకు వచ్చిరి. వెల్లూరులో డాక్టర్ ఐడా స్కడర్ 1909లో నర్సుల శిక్షణ పాఠశాల స్థాపించెను. 1946లో అది డిగ్రీ చదువుగా ఎదిగెను. మన తెలుగు సంఘముల నుండి వెల్లూరు వెళ్ళి చదివి వచ్చిన సోదరీమణులు ప్రతి అధ్యక్ష మండలములోను ఉన్నారు.

మిషను ఆసుపత్రులు ఒక్కొక్కటి తన ఇష్టము చొప్పున నేర్పినయెడల విద్య నిలువదని మన పెద్దలు త్వరలోనే గ్రహించిరి. 1905లో ఆరంభమైన మెడికల్ మిషనరీల సంఘము 1926లో భారత క్రైస్తవ వైద్య సంఘమాయెను. దక్షిణ దేశపు మిషను ఆసుపత్రులకు ఉమ్మడి పరీక్షా బోర్డు ఏర్పడెను. 1930లో ఆ సంఘములో నర్సుల లీగు ఏర్పడెను. దూర గ్రామములలో ఒంటరిగా పని చేయుచున్న నర్సులకు తోటివారి కూటమి, క్రొత్త సంగతులు తెలిసికొను మార్గము కలుగవలెనని పెద్దలు కోరిరి. 1905లోనే లక్నోలో మొదలైన నర్సింగ్ సూపరింటెండెంట్ల సంఘము పెరిగి, భారత శిక్షిత నర్సుల సంఘమై, దేశమంతటికి ఆ పనినే చేసెను.

ఊపిరితిత్తుల జబ్బు విషయమున తెలుగు నేలపై సంఘములు కలిసి చేసిన గొప్ప కార్యము మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము. అనేక మిషనులు ఏకమై స్థాపించిన ఆ క్షయ వైద్యశాల 1915లో ఆరోగ్యవరము కొండల నడుమ తెరువబడెను. డేన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి అధిపతి. ఆ తరువాత ఆ స్థానమునకు వచ్చిన డాక్టర్ పి. వి. బెంజమిన్ కేంద్ర ప్రభుత్వమునకే క్షయ విషయమున సలహాదారులైరి. స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, మంచి ఆహారము, రొమ్ములోనికి గాలి ఎక్కించి జబ్బు తగిలిన ఊపిరితిత్తిని ముడిచి ఉంచుట – అప్పటి చికిత్స ఇదియే. నెలలు, కొన్నిసార్లు ఏండ్లు, రోగి అక్కడనే ఉండవలెను. నర్సులు ఆ పద్ధతిని ప్రాణము పెట్టి నేర్చిరి.

అయితే 1956లో మద్రాసు నగరములో క్షయ రసాయన చికిత్సా కేంద్రము ఏర్పడి, ఇంట ఉండి మందులు మ్రింగిన రోగులను, శానిటోరియములో ఉండి మందులు మ్రింగిన రోగులను ప్రక్కప్రక్కన పెట్టి చూచెను. 1959లో ఫలితములు వెలువడినవి. ఇంటి దగ్గర, పేద ఇరుకు ఇండ్లలో ఉండి మందులు సరిగా మ్రింగినవారు శానిటోరియములోని వారివలెనే బాగుపడిరి. ఆ దినముతో నర్సు పని వార్డు నుండి వీధికి మారెను. ఉష్ణోగ్రత పట్టిక నింపుటకంటె, ఇంటికి వెళ్ళి మాత్రలు మ్రింగెనా లేదా అని చూచుట, మానివేసినవానిని బ్రతిమాలి మరల మొదలుపెట్టించుట ముఖ్యమాయెను. ఆరోగ్యవరము కూడ రోజులతోపాటు మారి, క్షయ రోగులకే గాక సమస్త రోగులకు వైద్యశాలయై నిలిచెను. మారుటకు సిద్ధపడినది గనుకనే అది నిలిచెనని మా అభిప్రాయము.

చేతితో ఊదిన ఊపిరి

శ్వాస చికిత్స అను ప్రత్యేక వృత్తి లోకములో ఎట్లు పుట్టెనో ఇప్పుడు కొంచెము చెప్పుదుము. ప్రాణవాయువు సిలిండర్లు ఆసుపత్రులకు వచ్చిన తరువాత, వాటిని దొర్లించుటకును గొట్టములు తగిలించుటకును మనుష్యులు కావలసి వచ్చిరి. అమెరికాలో అట్టివారు 1947లో, అనగా మన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన సంవత్సరముననే, షికాగో నగరమందు తమకొక సంఘమును రిజిస్టరు చేసికొని, తమ పనిని విద్యగా మార్చుకొనిరి. సిలిండరు దొర్లించిన చేతులే మెల్లగా శ్వాస యంత్రములు నడుపు చేతులాయెను.

1952 ఆగస్టులో డేన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనులో పోలియో వ్యాధి విజృంభించెను. ఊపిరి పీల్చు కండరములు పడిపోయిన రోగులతో ఒక ఆసుపత్రి నిండిపోయెను. మొదట చేరిన అట్టివారు 31 మందిలో 27 మంది మరణించిరి. అప్పుడు మత్తు వైద్యుడైన బ్యోర్న్ ఇబ్సెన్ ఒక 12 ఏండ్ల బాలిక గొంతునకు రంధ్రము చేయించి, గొట్టము పెట్టించి, రబ్బరు సంచితో చేతితోనే గాలి ఊదెను. బాలిక బ్రతికెను. అందరికి చాలినన్ని యంత్రములు లేవు గనుక సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులను పిలిచి, సంచి ఎట్లు నొక్కవలెనో నేర్పి, వంతులు వేసి, రాత్రింబగళ్ళు నెలల తరబడి ఊదించిరి. మరణములు బాగుగా తగ్గినవి. నేటి ఐసీయూ అక్కడనే పుట్టినదని చెప్పుదురు. ఆ ప్రాణములను కాచినది ఖరీదైన యంత్రము కాదు, నేర్పబడిన చేయి.

మేలే కీడైన సంగతి

ప్రాణవాయువు మంచిదే గదా, ఎంత ఇచ్చిన అంత మేలు గదా అని మనము అనుకొందుము. నెలలు నిండక పుట్టిన బిడ్డల విషయమున 1940లలో వైద్యులును అట్లే అనుకొనిరి. గాజు పెట్టెలలో బిడ్డలను ఉంచి ప్రాణవాయువు ధారాళముగా ఇచ్చిరి. బిడ్డలు బ్రతికిరి, గాని వేలకొలది మంది గ్రుడ్డివారైరి. 1951లో ఆస్ట్రేలియాలో కేట్ క్యాంప్‌బెల్ అను వైద్యురాలు ఇది అధిక ప్రాణవాయువు ఫలమేమో అని హెచ్చరించెను. 1953, 54లలో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష దానిని స్థిరపరచెను. అంతట భయపడి ప్రాణవాయువు మరీ తగ్గించగా, ఊపిరి చాలక మరణించు బిడ్డలు ఎక్కువైరి. కావున ఇది ఎక్కువ తక్కువల విషయము కాదు, కొలత విషయము. ఆ కొలత చూచునది నర్సు. నేటికిని మన దేశములో ఈ కంటి జబ్బు ఉన్నది. నెలలు నిండని బిడ్డల కండ్లను సకాలములో పరీక్షించి చూపు కాపాడు పనిని హైదరాబాదులో 1987లో స్థాపింపబడిన ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ శ్రద్ధగా చేయుచున్నది.

పెద్దవారి విషయమును అంతే. ఏండ్ల తరబడి చుట్ట, బీడి త్రాగియో, కట్టెల పొయ్యి పొగ పీల్చియో ఊపిరితిత్తులు చెడిన వృద్ధులు మన గ్రామములలో ఎందరో ఉన్నారు. అట్టివానికి ఆయాసము వచ్చినప్పుడు ప్రాణవాయువు విపరీతముగా పెట్టినయెడల, అతడు మత్తుగా పడి ఊపిరి మందగించి ప్రమాదములో పడవచ్చును. వ్రేలికి తొడుగు పల్స్ ఆక్సీమీటరులో అట్టివానికి 88 నుండి 92 వరకు ఉండునట్లు చూచుట మేలని నేటి బోధ. ఇతరులకు 94 నుండి 98. ఆ చిన్న పరికరమునకు మూలమైన సూత్రమును 1974లో జపాను దేశస్థుడైన తకువో అయోయగి వెల్లడించెను. పరికరము ఇప్పుడు మందుల దుకాణములో దొరకును. ఆ అంకెకు అర్థము మాత్రము చదువు వలననే దొరకును.

పుట్టగానే ఏడవని బిడ్డ విషయమున కూడ బోధ మారెను. పూర్వము అట్టి బిడ్డకు నూటికి నూరు పాళ్ళు ప్రాణవాయువునే ఇచ్చెడివారు. నెలలు నిండిన బిడ్డకు మామూలు గాలితోనే మొదలుపెట్టుట మేలని 2010లో అంతర్జాతీయ మార్గదర్శకములు మార్చబడినవి. ఆ మార్పునకు దారితీసిన పరీక్షలలో మన ఢిల్లీ వైద్యులు చేసినవియు ఉన్నవి. మన ప్రభుత్వము 2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమము పేరట, కాన్పులు చేయు నర్సులకు రెండు దినముల శిక్షణ ఆరంభించెను. బిడ్డను వెంటనే తుడిచి వెచ్చగా ఉంచుట, తల సరిగా నిలుపుట, వీపును మృదువుగా రుద్దుట, అప్పటికిని ఊపిరి తీయనియెడల మొదటి నిమిషములోపలనే ముఖమునకు మాస్కు అమర్చి సంచితో నిమిషమునకు 40 నుండి 60 మారులు గాలి ఇచ్చుట, రొమ్ము లేచుచున్నదా అని చూచుట – ఇది ఆ పాఠము. తలక్రిందులుగా ఎత్తుట, చరచుట, నీళ్ళు చల్లుట అందులో ఎక్కడను లేవు.

మన ప్రాంతములో

మద్దూరు మండలము పూర్వము వరంగల్లు జిల్లాలో ఉండెను. 2016 అక్టోబరు 11న క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు చేర్యాల, కొమురవెల్లితోపాటు సిద్దిపేట జిల్లాలో చేరెను. పెద్ద జబ్బు చేసినయెడల మన జనులు సిద్దిపేటకు గాని జనగామకు గాని వెళ్ళవలె. అంతకు మించినది హైదరాబాదే. 2018లో సిద్దిపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమగుట మనకు గొప్ప ఊరట. 2017లో కరీంనగరులో, తెలంగాణ ప్రభుత్వము యూనిసెఫ్ మరియు ఫెర్నాండెజ్ ఆసుపత్రి సహాయముతో, ఉద్యోగములో ఉన్న 30 మంది స్టాఫ్ నర్సులకు 18 నెలల మంత్రసాని విద్య నేర్పనారంభించెను. ఉద్యోగములో ఉండి, పిల్లలు గల తల్లులైయుండి, మరల పుస్తకము పట్టిన ఆ సోదరీమణుల మాదిరిని చూచి దేశము తన మంత్రసాని విద్యా విధానమును రూపొందించుకొనుటలో పాఠము తీసికొనెను.

తరువాత వచ్చిన కరోనా కాలము మీకు చెప్పనక్కరలేదు. 2021 ఏప్రిలు, మే నెలలలో మేము ఎన్ని సమాధి కార్యక్రమములు జరిపితిమో తలంచుకొనుటకు ఇప్పుడును మనస్సు ఒప్పదు. మా సంఘములోని ఒక సోదరి ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. రోగులను బోర్లా పండుకొనబెట్టినయెడల ఊపిరితిత్తుల వెనుక భాగమునకు గాలి చక్కగా అందునని ఆమె ఫోనులో వచ్చిన శిక్షణ పాఠములలో నేర్చుకొనెను. ఇది గాలి కబురు కాదు. శ్వాస యంత్రము మీదనున్న తీవ్ర రోగులకు దీనివలన మరణములు తగ్గునని 2013లో ఫ్రాన్సు దేశపు వైద్యులు నిరూపించియుండిరి. ఒక రాత్రి ఆమె ఫోను చేసి, "అయ్యగారూ, మనోళ్ళు నా మాట వింటలేరు, మీరు చెప్పండి" అనెను. ఆసుపత్రిలో ఉన్న మా సంఘ పెద్ద ఒకరు, "బోర్ల పండితె ఉన్న ఊపిరి గూడ పోదా?" అని మొండికెత్తెనట. మేము ఫోనులో ఆయనతో మాటలాడితిమి. మేము చెప్పినందున ఆయన ఒప్పుకొనెను. ఆమె ఆయన ప్రక్కనే నిలిచి, వ్రేలి పరికరములోని అంకె పెరుగుటను ఆయనకే చూపించెనట. ఆయన ఇంటికి వచ్చెను. ప్రార్థన చేసితిమి, నిజమే. గాని ఆమె ఆ పాఠము చదువక నిద్రపోయియుండినయెడల ఆ రాత్రి మేము ఆయనకు ఏమి చెప్పియుందుము?

చట్టమును కష్టమును

ఇప్పుడు ఈ విద్య ఇష్టమున్నవారికే అని విడువబడలేదు. నర్సు తన రిజిస్ట్రేషను కొనసాగించుకొనుటకు 5 ఏండ్లలో 150 గంటల నిరంతర విద్య పొందవలెనని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిర్ణయించెను; అనగా ఏడాదికి 30 గంటలు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టమునకు బదులుగా 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మంత్రసాని కమిషను చట్టము చేసెను. శ్వాస చికిత్సకులకు మన దేశములో చాలకాలము చట్టబద్ధమైన గుర్తింపే లేకుండెను. 2021లో చేయబడిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టములో వారి వృత్తి పేరు చేర్చబడెను.

చట్టము బాగుగానే ఉన్నది. దానిని అనుసరించుటలో ఉన్న కష్టము మేము మా సంఘములోనే చూచుచున్నాము. ఒక ప్రైవేటు నర్సింగు హోములో పని చేయు మా సోదరి ఒక దినము శిక్షణకు వెళ్ళినయెడల ఆ దినపు జీతము పోవును. ప్రవేశ రుసుము, బస్సు చార్జీలు ఆమెవే. రాత్రి డ్యూటీ దిగి నిద్ర లేక నేరుగా శిక్షణకు పోవును. ఇంట అత్తగారు, "ఉద్యోగం వచ్చినంక గూడ ఇంక చదువేంది?" అని అడుగును. ఆదివారము గుడికి రానందుకు మనము ఆక్షేపింతుము. మేమును ఆక్షేపించితిమని ఇక్కడ ఒప్పుకొనుచున్నాము.

రెండు ఏండ్ల క్రిందట ఆ సోదరీమణులే వచ్చి, ఒక శనివారము శిక్షణ పెట్టుకొనుటకు గుడి హాలు ఇప్పించుమని అడిగిరి. తాళము తీసి, కుర్చీలు వేయించి, మేము వెనుక వరుసలో కూర్చుంటిమి. బోధించుటకు వచ్చిన నర్సు ఒక రబ్బరు బొమ్మను బల్ల మీద పరుండబెట్టి, సంచి నొక్కి, బొమ్మ రొమ్ము లేచుట చూపించెను. ఒక్కొక్కరు వంతుగా వచ్చి నొక్కిరి. మొదటి నిమిషము, మొదటి నిమిషము అని ఆమె మరల మరల చెప్పుచుండెను. మా కన్నుల యెదుట ఆ చిన్న పెట్టె నిలిచెను. ఆ బిడ్డ ఆనాడు బ్రతికెడివాడో లేదో మేము చెప్పలేము. అది దేవునికే తెలియును. గాని ఒక సంచియు, ఒక మాస్కును, నేర్చిన రెండు చేతులును అక్కడ లేకుండినవని మాత్రము చెప్పగలము. ఆ లోపమును మేము దేవుని చిత్తమని పేరు పెట్టి, దుఃఖములో ఉన్న తల్లికి ఇచ్చి పంపితిమి. మనుష్యులు నేర్పవలసినది నేర్పక, నేర్చుకొనవలసినది నేర్చుకొనక, తప్పును ఆయన మీద వేయుట భక్తి కాదు.

కావున ఈ శతవార్షికోత్సవ సంవత్సరమున మన సంఘములకు మూడు మనవులు చేయుచున్నాము. ఒకటి, ప్రతి పాస్టరేటు మూడు నెలలకొకసారి తన హాలును నర్సుల శిక్షణకు ఉచితముగా ఇయ్యవలెను. రెండు, ఆరోగ్య పరిచర్య ఆదివారపు కానుకలో ఒక భాగము, శిక్షణకు వెళ్ళి దినపు జీతము పోగొట్టుకొను సోదరీమణులకు ప్రత్యేకింపవలెను. మూడు, ఉద్యోగము వచ్చిన తరువాత చదువు ఎందుకని మన ఇండ్లలో ఎవరును అడుగకుండ చూడవలెను. మన పితరులు పుండ్లు కడుగు పనిని విద్యగా చేసి మన కుమార్తెల చేతికిచ్చిరి. ఆ విద్యకు తుప్పు పట్టకుండ చూచుట మన వంతు.

ఆ శిక్షణ జరిగిన వారమున మేము పాత పాస్టరేటునకు వెళ్ళి ఆ తల్లిని చూచితిమి. ఆమెకు ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లలు. ఆనాడు మేము చెప్పిన జవాబు సరికాదని, తెలియక చెప్పితిమని, క్షమించుమని అడిగితిమి. ఆమె చాలసేపు ఏమియు అనలేదు. కొంగుతో ముఖము తుడుచుకొని, "ఆ నేర్సుకునే పిల్లలకు పగటి అన్నం ఎవరు పెడ్తున్నరు అయ్యగారూ?" అని అడిగెను. ఎవరి డబ్బా వారే తెచ్చుకొనుచున్నారని చెప్పితిమి.

తరువాతి శిక్షణకు ఆమె తొలి బస్సుకే మద్దూరు వచ్చి, గుడి వెనుక పొయ్యి వెలిగించి, ఇరువది ముగ్గురికి అన్నము, పప్పుచారు వండెను. భోజనమైన తరువాత హాలు గుమ్మములో నిలువబడి, బొమ్మ రొమ్ము లేచుట చూచెను. దేవుడు ఆమెను, ఆమె అన్నము తిని నేర్చిన చేతులను ఆశీర్వదించును గాక.